చేరని ఉద్యోగానికి కృతజ్ఞతా కూడిక

నా చిన్నప్పుడు అంటే మరీ కిరసనాయిలు దీపాల కాలం కాదు. మా ఇంట్లో కలర్ టీవీ ఉంది, నాన్న సెల్‌ఫోనులో పాము ఆట ఉంది, నేను ఐదో తరగతిలో ఉన్నాను. ఇంత దగ్గరి కాలం గురించి పెద్దమనిషిలా చెప్పుకోవడం నాకూ కొంచెం మొహమాటంగానే ఉంది. కానీ మొన్న క్రిస్మస్‌కి మా చెల్లి కూతురు నన్ను మొదటిసారి ‘పెద్దమ్మా’ అని పిలిచింది. ఎవరూ ఖండించలేదు. అంచేత ఆ హోదాలోనే రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర కాలవగట్టు మీద ఒక పేట. మా తాతయ్య కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే పని చేసేవారు. వాళ్ళ నాన్నగారిదీ అదే పని. నలభై ఏళ్ళు చెట్లెక్కడంతో తాతయ్య పాదాలు లోపలివైపు తిరిగిపోయాయి. నేల మీద నడుస్తున్నా చెట్టుని పట్టుకుని ఎక్కుతున్నట్టే ఉండేవారు. ఆ పాదాలతోనే నలుగురు పిల్లల్నీ చదివించారు. పెద్దవాడైన మా నాన్నకి టీచరు ఉద్యోగం వచ్చిన వారం చర్చిలో లేచి నిలబడి, నలుగురికీ ఉద్యోగాలు వచ్చిన రోజున పేట మొత్తానికి వేటమాంసంతో భోజనం పెడతానని మొక్కుకున్నారు. తర్వాత మా అత్త నర్సు అయింది. పెద్ద బాబాయి పోస్టాఫీసులో చేరాడు. భోజనం మా చిన్న బాబాయి దగ్గర ఆగిపోయింది.

చిన్న బాబాయి కాకినాడలో బీయీడీ పరీక్షలు రాసి ఇంటికొచ్చి, సంచి కొక్కేనికి తగిలించి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, ఇంక తను చదవననీ, ఉద్యోగం కూడా చెయ్యననీ మామ్మతో చెప్పాడు. కోపంగా కాదు. పెరుగు చాలమ్మా అన్నట్టు చెప్పాడు.

పేటలో ఈ విషయం ఎవరికీ అరగలేదు. కారణం లేకుండా మనిషి ఎలా కూర్చుంటాడు? అంచేత తలా ఒక కారణం తెచ్చి ఇచ్చారు. ప్రేమ విఫలమైందని కొందరు, గాలి సోకిందని కొందరు, కాకినాడలో ఎవరో ఏదో తినిపించారని ఇంకొందరు. మామ్మ అమలాపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించింది. రక్తం నిక్షేపంగా ఉందని డాక్టరు చెప్పగానే మామ్మ ఏడ్చింది. అందులో ఏదో ఉందని తేలితే కనీసం మందుండేది.

ఆయన దగ్గర ఏదో గొప్ప తత్త్వం ఉందని మీరు ఎదురుచూస్తున్నట్టయితే, నేనూ ఎదురుచూశాను. లేదు. పొద్దున్న లేచి కాలవ ఎదురుగా మెట్టు మీద కూర్చునేవాడు. ఏమాలోచిస్తున్నావు బాబాయ్ అని ఒకసారి అడిగాను. “ఏం లేదమ్మా. గుర్రపుడెక్క వస్తోంది, పోతోంది. చూస్తున్నాను” అన్నాడు. నాకు ఆ జీవితం తెగ నచ్చింది. వేసవి సెలవుల్లో ఆయన పక్కనే కూర్చుని ఆ విద్య నేర్చుకోవాలని మొదలుపెట్టాను. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు కాళ్ళు తిమ్మిరెక్కాయి. మూడో రోజు మధ్యాహ్నానికి నేనే వెళ్ళి అమ్మని ఏదైనా పని చెప్పమని అడిగాను. నా జీవితంలో మధ్యలో మానేసిన చదువు అదొక్కటే.

ప్రతి శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన జరిగేది. పాస్టరుగారు పిల్లల చదువుల కోసం, మామ్మ మోకాళ్ళ కోసం, చివరగా బాబాయి ఉద్యోగం కోసం ప్రార్థించేవారు. అలా మూడేళ్ళు. దేవుడు మొదటి రెండూ పట్టించుకోలేదు గానీ మూడోది విన్నాడు. మా అత్త భర్త, అంటే మా మావయ్య, ఓడలరేవు వైపు గ్యాసు ప్లాంటులో గేటు దగ్గర పాసులు రాసే ఉద్యోగం ఒకటి బాబాయి కోసం పట్టుకొచ్చారు.

“ఒకటో తారీకు నుంచి రమ్మన్నారయ్యా. కుర్చీలో కూర్చునే పనే” అన్నారు మావయ్య.

“ఆయ్” అన్నాడు బాబాయి.

మా వైపు ఎదుటివాడి మొహం మీద కాదనడం కన్నా కాలవలో దూకడం తేలిక. అత్త కొత్త చొక్కా తెస్తే ఆయ్ అన్నాడు. నాన్న బూట్ల కొలత అడిగితే ఆయ్ అని కాలు చాపాడు. తాతయ్య ఆదివారం ఆరాధన అయ్యాక కృతజ్ఞతా కూడిక పెట్టిస్తున్నానంటే దానికీ ఆయ్ అన్నాడు. షామియానా చెప్పారు, మైకు చెప్పారు, మేకపోతు వచ్చింది.

శనివారం మధ్యాహ్నం నేను ఆ మేకపోతుకి పనసాకులు పెడుతుంటే బాబాయి వచ్చి పక్కన నిలబడ్డాడు. మా ఇద్దరిలో ఎవరికి చెప్పాడో గానీ, “నేను వెళ్ళనమ్మా ఆ ఉద్యోగానికి” అన్నాడు.

“మరి ఆయ్ అన్నావుగా?”

“మీ మావయ్య అంత సంబరంగా చెప్తుంటే ఇంకేవంటాను?”

నా బుర్రకి తోచిన ఉపాయం చెప్పాను. సోమవారం చేరి మంగళవారం మానెయ్యొచ్చు కదా అని. ఆయన తలూపలేదు. రేపు కూడికలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటారన్నాడు. మనుషులతో ఆయ్ అని తప్పించుకోవచ్చు గానీ, దేవుడి ముందు నిలబడి అక్కర్లేనిదాన్ని మేలు అని ఎలా చెప్పడం? అలాగని నిజం చెప్తే, ఇన్నేళ్ళుగా తాతయ్య ఎదురుచూసిన భోజనం ఊరందరి ముందూ నవ్వులపాలవుతుంది. అయితే ఇప్పుడే వెళ్ళి తాతయ్యకి చెప్పెయ్యమన్నాను. వెళ్ళాడు. పెరట్లో తాతయ్య పాట పాడుకుంటూ, ఆ వంకర పాదాలతో తనే గాడిపొయ్యికి మట్టి తవ్వుతున్నారు. బాబాయి కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. పార కూడా పట్టుకోలేదు, నోరు కూడా విప్పలేదు.

ఆదివారం పన్నెండు గంటలకి షామియానా నిండిపోయింది. వెనకాల గాడిపొయ్యి మీద పలావు, వేటమాంసం. ఆ మేకపోతు సంగతి ఇంక నేను ఎత్తను. మైకు కుర్రవాళ్ళు పాటల కోసమని శబ్దం మారుమోగేలా పెట్టి వదిలేశారు. పాస్టరుగారు వందనాలన్నా అది మూడుసార్లు వినిపిస్తోంది. రెండు పాటలయ్యాక ఆయన బాబాయిని పిలిచి, ప్రభువు చేసిన మేలు గురించి రెండు మాటలు చెప్పమన్నారు.

బాబాయి కొత్త చొక్కాలో లేచాడు. మైకు పట్టుకున్నాడు.

“నేను ఆ ఉద్యోగంలో చేరట్లేదండి” అన్నాడు.

లేదండి, లేదండి, లేదండి అంది మైకు. ఎవరికీ సరిగ్గా వినపడలేదని అనుకునే వీలు లేకుండా పోయింది.

“ముందే చెప్పాల్సిందండి. నోరు రాలేదు. బావగారిదీ తప్పు లేదు, దేవుడిదీ తప్పు లేదండి” అని మైకు పాస్టరుగారికిచ్చి తన చోట కూర్చున్నాడు. దేవుడి తప్పు లేదని మా మైకులో మూడుసార్లు ప్రకటించడం అదే మొదటిసారి.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య లేచి, “బూట్లు కూడా వేసుకుని చూసుకున్నాడండీ!” అన్నారు. ఆ క్షణంలో ఆయనకి దొరికిన సాక్ష్యం అదే. తాతయ్య మెల్లగా లేచారు. కొడతారనుకున్నాను. అందరూ అదే అనుకున్నారేమో, బాబాయి పక్క కుర్చీల్లోవాళ్ళు కాస్త జరిగారు కూడా.

తాతయ్య బాబాయి వైపు చూడనే లేదు. “అయ్యగారండీ, ప్రార్థన చేసెయ్యండి. కూర దించే వేళైంది” అన్నారు.

పాస్టరుగారు ఇరుకునపడ్డారు. “చేస్తానండి. కానీ మరి... దేనికని చెయ్యమంటారు?”

న్యాయమైన ప్రశ్నే. వచ్చిన ఉద్యోగం ఇప్పుడే పోయింది. తాతయ్య కాసేపు గడ్డం గోక్కున్నారు. తర్వాత మైకు పుచ్చుకోకుండానే మాట్లాడారు. ఆయన అన్ని మాటలు ఒక్కచోట మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు.

“మా నాన్న జొరంతో కూడా చెట్టెక్కేడండి. ఒక్కరోజు కూర్చుంటే ఆ పూట మా పొయ్యి ఆరిపోయేది. ఆ తోట కామందుగారి చిన్నబ్బాయిగారు నలభయ్యేళ్ళు వీధరుగు మీద కూర్చున్నారండి. చదువుకోలేదు, పని చెయ్యలేదు. ఆయనకి గాలి సోకిందని ఎవరూ అనలేదు. ఆయన కోసం ఏ గుళ్ళోనూ పూజ చేయించలేదు. ఇయ్యాల మా ఇంట్లో కూడా ఒకడు కూర్చున్నాడు. పొయ్యి ఆరలేదండి. దానికని చెయ్యండి.”

పాస్టరుగారు కళ్ళు మూసుకుని, ఒకడు కూర్చున్నా ఆరని పొయ్యి ఇచ్చినందుకు దేవుణ్ణి స్తుతించారు. అలాంటి ప్రార్థన ఆయనకీ కొత్తే. మధ్యలో రెండుసార్లు తడబడ్డారు. అందరూ ఆమెన్ అన్నారు. కొందరు ఏడ్చారు. నేనూ ఏడవబోయాను గానీ, అప్పటికే నా చూపు వేరేచోట పడింది.

గాడిపొయ్యి దగ్గర మామ్మ ఉంది. తెల్లవారుజాము నుంచీ అక్కడే ఉంది. తాతయ్య మాటలన్నీ కూర కలుపుతూనే విన్నది. ఆమెన్ అయ్యాక గరిటె డేగిసా మీద అడ్డంగా పెట్టి, చీరకొంగుతో మొహం తుడుచుకుని, తిన్నగా షామియానాలోకి నడిచొచ్చి, ముందు వరసలో పాస్టరమ్మగారి పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

“ఏంటే, ఒంట్లో బాగాలేదా?” అన్నారు తాతయ్య కంగారుగా.

“బానే ఉంది. మనింట్లో ఒకళ్ళు కూర్చున్నా పొయ్యి ఆరదంటన్నావు గదా. ఏమో, చూద్దావని.”

పేటంతా ఆకలితో ఉంది. వెనక నుంచి కూర అడుగంటుతున్న వాసన మొదలైంది. అత్త లేవబోయింది. “నువ్వు కూర్చోవే. నైట్ డ్యూటీ చేసొచ్చేవు” అంది మామ్మ. అమ్మ లేవబోయింది. మామ్మ ఆమె వైపు చూసింది, అంతే, అమ్మ కూడా కూర్చుండిపోయింది. ఇంక మిగిలినవాళ్ళు మగవాళ్ళు. పోస్టాఫీసు బాబాయి మా నాన్న వైపు చూశాడు. మా నాన్న షామియానా గుంజ వైపు చూశాడు. గుంజకి వంట రాదు.

మామ్మ మాత్రం ఎవరివైపూ చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరింటికో భోజనానికొచ్చినట్టు కూర్చుంది. ఆవిడ అలా ఊరికే కూర్చోవడం అంతకు ముందు నేను చూడలేదు. చూడలేదని కూడా ఆ రోజు వరకూ నాకు తెలియదు. బాబాయి పక్కన కాలవ చూస్తూ కూర్చున్న మూడు రోజుల్లో, వేళకి మా ఇద్దరి ముందుకీ వచ్చిన ఆరు కంచాలు ఎవరు తెచ్చారో ఒక్కసారీ తలెత్తి చూడలేదు నేను.

చివరికి బాబాయే లేచాడు. కొత్త చొక్కా చేతులు మడిచి, వెళ్ళి, గరిటె ఎటు పట్టుకోవాలో తెలియక ముందు మంట లాగేశాడు. అది సరైన పనే అని తర్వాత అత్త ఒప్పుకుంది. తర్వాత వడ్డన మొదలుపెట్టాడు. వడ్డించడం ఆయనకి రాదు. ముక్కలన్నీ మొదటి రెండు వరసలకే వేసేశాడు. ఆఖరి వరసకి పులుసు, ఆశీర్వాదం మిగిలాయి. మా మావయ్యకి మాత్రం ఎదురుగా నిలబడి నాలుగు ముక్కలు ఎక్కువ వేశాడు. మావయ్య వద్దనలేదు. తాతయ్య నీళ్ళ జగ్గు పట్టుకుని, ఆ పాదాలతో కొడుకు వెనకాలే వరస వరసా తిరిగారు. పేటంతా తిన్నాక బాబాయి ఒక కంచంలో పలావు పెట్టి మామ్మకిచ్చాడు.

“ఉప్పు తక్కువైంది” అంది మామ్మ.

“వండింది నువ్వేగదమ్మా” అన్నాడు బాబాయి.

“అవును. నిలబడి తింటే తెలిసేది కాదు” అని మొత్తం తినేసింది.

మొక్కుబడి తీరినట్టా తీరనట్టా అని పేటలో చాలా కాలం వాదన జరిగింది. తిన్నవాళ్ళంతా తీరిందనే అన్నారు. ఆఖరి వరసవాళ్ళు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఆ రోజుతో బాబాయి మారిపోయాడని రాస్తే చక్కగా ఉంటుంది. మారలేదు. ఈ రోజు వరకూ ఉద్యోగం చెయ్యలేదు, పుస్తకం పట్టలేదు. తన కంచం మాత్రం తనే కడుక్కుంటాడు. మధ్యాహ్నం మూడింటికి టీ పెట్టి మామ్మకిస్తాడు. దాన్ని ఉద్యోగం అనలేం. తాతయ్య ఆ మాటలు అందరి ముందూ అన్నారన్నమాటే గానీ, ఆ తర్వాత నెల రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మావయ్యకి రెండేళ్ళు పట్టింది. నేను ఇదే అదనుగా తాతయ్య దగ్గరికెళ్ళి, అయితే నేనూ బడి మానేస్తానన్నాను. “మానుదువుగాని. మానడానికి నీ దగ్గర ముందేదన్నా ఉండాలి గదమ్మాయ్. బీయీడీ దాకా చదివి రా, అప్పుడు మానుదువు” అన్నారు. నేను బీయీడీ చెయ్యలేదు గానీ, మానడానికి సరిపడా సంపాదించుకున్నాను. రెండు ఉద్యోగాలు మానేశాను కూడా.

మనిషి పని చెయ్యాలా, ఊరికే ఉండొచ్చా అన్న ప్రశ్నకి ఆ రోజు నాకేమీ సమాధానం దొరకలేదు. తాతయ్య చెప్పింది నిజమే. ఊరికే కూర్చోవడం కొన్ని ఇళ్ళకి తరతరాలుగా దొరకని వస్తువు. మామ్మ చేసిందీ నిజమే. ఆ వస్తువు మా ఇంటికొచ్చినప్పుడు దాన్ని వాడుకున్నది ఒక్కడే. ఈ రెండింట్లో ఏది పెద్ద నిజమో తేల్చమని ఎవరైనా అడిగితే నేను శుభ్రంగా ఆయ్ అంటాను.

నాకు మిగిలింది చిన్న అలవాటు. ఎక్కడైనా సరే, కూర్చోబోయే ముందు ఈ గదిలో ఎవరు నిలబడి ఉన్నారా అని ఒకసారి చుట్టూ చూస్తాను. ఎవరో ఒకరు ఉంటారు. చాలాసార్లు చూసి, తెలుసుకుని, కూర్చుంటాను. కొన్నిసార్లు మాత్రం లేస్తాను.