గుమ్మడికాయ నేనే కోసిన

"జర గొంతు తగ్గియ్యే, పక్క బెడ్డోళ్లు ఇంటున్రు," అన్నడు మా ఆయన.

"ఇననియ్. నేనేమన్న దొంగతనం జేసి చెప్తున్ననా?" అన్న నేను.

గంతే. ఫోన్ పెట్టేసిండు. ఆయన దుబాయ్ జెబెల్ అలీల కంపెనీ క్యాంపుల, నేను రాస్ అల్ ఖైమాల ఒక సారు ఇంట్ల వంటకు. తెల్లారి డ్యూటీ బస్సు వచ్చిందని రూమోళ్లు లేపితే లేవలె. నిద్రలనే గుండె ఆగిందన్నరు. కరోనా ఏడాది అది. మనుషులకు విమానాలు లెవ్వు. సామాన్ల విమానంల ఆయన శవం పెట్టె ఒక్కటే ఊరికి పోయింది, నేను ఈడనే ఉన్న. ఊర్ల అయితే దినాలనాడు ఆడోళ్లు నడుమ కూసుండవెట్టి గాజులు పగలగొడుదురు, బొట్టు తుడుద్దురు. ఈడ గా పని చేసేటోళ్లు నాకు ఎవలూ లేకుండిరి. నా అంతల నేనెందుకు పగలగొట్టుకుంట? ఆయన రాకముందు, చిన్నప్పటిసంది ఉన్నయి నా చేతికి గాజులు. ఉంచుకున్న.

ఇది గూడ రాయి బిడ్డా, పెన్ను ఎత్తకు. నువ్వు నా చెల్లె బిడ్డవు, చదువుకున్నదానివి. నాకు సంతకం దాటి రాదు. "పెద్దమ్మా, హాలోవీన్‌కు ఇంట్ల తక్కువ ఖర్చుల ఎట్ల అలంకరిస్తవో చెప్పు, మా బిల్డింగోళ్లు అడుగుతున్రు" అంటివి. చెప్త. కని నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె.

ఆయన పోయిన రెండేండ్లకు సారు ఇంట్ల పిల్లలు పట్టువట్టిన్రు. కంపౌండ్ల అందరి ఇండ్లకు కడ్తున్రు, మనకు గూడ కావాలె అని. మేడం మనోళ్లే, హైదరాబాద్ దిక్కు. "కొనేది ఏం లేదక్కా, ఇంట్ల ఉన్నదాంతోనే చేద్దాం. కని చూసినోళ్లు మంచిగున్నది అనాలె," అన్నది. ఏం పండుగ అని అడిగితే పిల్లలు ఫోన్ల చూపెట్టిన్రు. దయ్యాలు, పుర్రెలు, నెత్తురు.

"దయ్యాలను ఎల్లగొట్టుడు చూసిన గని, ఇంటికి పిలిచి చాక్లెట్లు వెట్టుడు ఇప్పుడే చూస్తున్న," అన్న. పిల్లలు పడి పడి నవ్విన్రు.

ఇగ రాసుకో. ముందుగాల పాత తెల్ల పరద ఒకటి తీసుకోవాలె. పెద్ద గంజుల సులేమాని, గదే పాలు పొయ్యని చాయ్ మరిగించి, అండ్ల పరద నానవెట్టి, ఎండకు ఎయ్యాలె. ఈడి ఎండకు గంటల ఎండుతది. బొందల నుంచి తీసినట్టు రంగు వస్తది. కత్తెర వెట్టొద్దు. కత్తెరతోని కోస్తే అంచు కొత్తగ కనవడ్తది. చేతితోని చింపాలె, పోగులు ఏలాడాలె. దాన్ని తలుపుకు రెండు దిక్కుల ఏలాడదియ్యాలె.

నల్ల చెత్త కవర్లు మడతవెట్టి గబ్బిలాలు కోసిన. గోడంత చల్లినట్టు అతికించొద్దు. చెప్పుల స్టాండ్ కాడ చిన్నయి మొదలువెట్టి, మీదికి పోయినకొద్ది పెద్దయి అతికించాలె. అప్పుడు గుంపు లేచి ఎగిరినట్టుంటది. రోడ్డు పొంటి ఖర్జూరం చెట్ల ఎండు మట్టలు రాలి ఉంటే ఏరుకొచ్చి పచ్చడి జాడీల నిలవెట్టిన. జామ్ సీసలల్ల దూది విరిచి పెట్టి, నడుమ బ్యాటరీ లైట్ ఒక్కటి. మంచు లెక్క కనవడ్తది.

నెత్తురంటవా, పసుపుల సున్నం కలిపిన. మనం దిష్టి తీసే ఎర్రనీళ్లే, ఇంకేం లేదు. సున్నం చిటికెడే ఎయ్యాలె, ఎక్కువైతే చెయ్యి మండుతది. పిల్లలు చేతులు ముంచి పాత దుప్పటి మీద అచ్చులేసిన్రు. రంగులు మూడే: మాసిన తెలుపు, నలుపు, ఎరుపు. నాలుగోది వెట్టినవా, పెండ్లి పందిరైతది. అన్నీ గుమ్మం కాడ ఒక్కతాననే ఉండాలె. ఇల్లంత పరిస్తే ఊడ్వని ఇల్లు లెక్క ఉంటది.

ఇగ గుమ్మడికాయ. నారింజ రంగుది బయటి దేశం నుంచి వస్తదట, పిరం, శాన పైసలైతయి. మేడం బకాలాల, గదే కిరాణా కొట్ల, దొరికే పచ్చటిదే తెచ్చింది, ఇంత బొజ్జది. దాన్ని తొలిచి మొఖం చెక్కాలె, లోపల లైట్ వెట్టాలె.

మా దిక్కు నిండు గుమ్మడికాయను ఆడోళ్లు కొయ్యరు. మొగోడు ఒక్క గాటు వెట్టినంకనే మనం ముక్కలు జేసుకోవాలె. నేను గూడ బతుకంత గట్లనే చేసిన. ఈ ఇంట్ల గూడ కాయ వస్తే సారు గాటు వెట్టేదాక ఫ్రిజ్ మీద వెట్టి చూసుకుంట ఉండేదాన్ని. ఆనాడు సారు సైట్‌కు పోయిండు, వచ్చేసరికి ఎనిమిదైతది. పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయినంక పిల్లలు ఇంటింటికి తిరుగుతరు. నేను కత్తి తీసుకున్న.

మేడం అత్త సోఫాల కూసోని చూస్తున్నది. ఊరికెల్లి వచ్చి నెల అయ్యింది ఆమె.

"కత్తి కింద వెట్టు. ఆడోళ్లు నిండు కాయ కోస్తరా? అందుల నువ్వు!"

"నేనంటే ఎవలమ్మా?"

"నా నోటితోని అనిపియ్యకు."

"అనుండ్రి. ముండమోపి. నాకు తెల్వని మాటనా?"

"తెలిసినదానివి చేతినిండ గాజులేసుకోని తిరుగుతవా? నా కొడుకొచ్చి కోస్తడు. పిల్లలొచ్చే యాల్లకు నువ్వు తలుపు కాడ ఉండకు. నలుగురి పిల్లలు, ఎదురురావద్దు. కిచెన్ల ఉండు."

కత్తి టేబుల్ మీద వెట్టి కిచెన్లకు పోయిన. పోయి పొయ్యి బంద్ జేసిన. అన్నం సగమే ఉడికింది. మేడం ఉరికొచ్చింది.

"ఏందక్కా, బంద్ జేసినవు?"

"మేడం, నా చెయ్యి గుమ్మం కాడ చెడ్డదైతే గంజుల మంచిదెట్లయితది? నాలుగేండ్లసంది మీ అందరు నా చేతి బువ్వనే తింటున్రు. అమ్మకు పొద్దుగాల లేవంగనే చాయ్ ఇచ్చేది నేనే. అప్పుడు ఎదురు రాలేదా? చెడ్డదైతే రెంటికీ చెడ్డది, మంచిదైతే రెంటికీ మంచిది. ఏదో ఒకటి చెప్పుండ్రి, ఖలాస్."

నోరు గట్టిగనే ఉన్నది గని వీసా ఇంక రెండు నెలలే ఉన్నది. నా వీసాకు పూచీ ఉన్న కఫీల్ సారే. ఆయన వద్దంటే ఊరికి పోవుడే. ఊర్ల నా గాజుల కోసం ఆడోళ్లు ఇంకా కాసుకోనే ఉన్నరు. అయినా పొయ్యి ముట్టియ్యలె.

మేడం ఒకసారి అత్త దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. హాల్లకు పోయి కత్తి తెచ్చి నా ముందల వెట్టింది. "అత్తయ్యా, బాంగు అయితుంది, పిల్లలొస్తరు," అన్నది. గంతే అన్నది.

కోసిన. నడినెత్తి మీద ఒక్కటే ఏటు. ఏం కాలె బిడ్డా. గింజలొచ్చినయి.

గుమ్మడికాయ మీద మొఖం అంటే నాకు తెలిసింది దిష్టి మొఖమే. పెద్ద కండ్లు, తిప్పిన మీసాలు, బయటికి నాలుక. గదే చెక్కి, తాడు కట్టి తలుపుకు ఏలాడదీసిన. మేడం నవ్వాపుకోలేకపోయింది. "అక్కా, దాన్ని కింద పెడ్తరు!"

"ఎవలో కింద పెడ్తె పెట్టుకోనియ్యుండ్రి. మన గుమ్మడికాయ గుమ్మానికే ఉంటది."

అట్లనే ఉంచినం. కంపౌండ్ పిల్లలు ఇంకో ఇంటి కాడ నిలవడలె. అందరిండ్లల్ల కూసున్న గుమ్మడికాయలే, మాది ఒక్కటే మీసాలు తిప్పి గాలికి ఊగుతున్నది. నేను తలుపు నడుమ నిలవడి చాక్లెట్లు పంచిన. ఒక్కొక్కరి దోసిట్ల, గాజులు గలగలమనంగ. ముసలామె రూమ్‌ల తలుపేసుకున్నది, అన్నం తినలె. తెల్లారి చాయ్ అడిగింది. ఇచ్చిన.

రెండు నెలలకు సారు కిచెన్ తలుపు కాడికి వచ్చిండు. "అమ్మకు మనసు ఒప్పుతలేదు. వీసా మళ్ల కొట్టియ్యను," అన్నడు, నేల దిక్కు చూసుకుంట.

"మీకు ఒప్పుతున్నదా సారూ?"

ఎనుకకు మళ్లి హాల్లకు పోయిండు. ఆయనను చూస్తే పాపమనిపిచ్చింది గని, బతిమాలలె. ఇంకో ఇల్లు మేడమే ఎతికింది, నా ముందల్నే నలుగురికి ఫోన్లు జేసింది. ఇప్పుడుండే కాడ మొదటి దినమే చెప్పిన, ఈ ఇంట్ల గుమ్మడికాయ నేనే కోస్త, తలుపు గూడ నేనే తీస్త, సమ్మతైతేనే ఉంట అని. వాళ్లు అరబ్బులు, ఎందుకు చెప్తున్ననో సమజ్ కాక తలూపిన్రు. మూడు హాలోవీన్లు అయినయి ఈడ. మూడుసార్లు మీసాలే చెక్కిన.

గిది నీ బిల్డింగోళ్లకు పంపు. సులేమాని ముచ్చట ఉంచి కత్తి ముచ్చట కొట్టేస్తనంటే, అది నాది కాదు. నడుమ ఒకకాడ నువ్వు పెన్ను ఆపినవు, చూసిన నేను. ఏం రాసినవో, ఏం మింగినవో. సదువు బిడ్డా. మొదటికెల్లి, పైకి సదువు.