నాయనమ్మ పగలగొట్టిన హాలోవీన్ గుమ్మడికాయ

సెప్టెంబరు సగం కాకుండానే మా ఆఫీసు కాఫీ మెషిన్ దగ్గర ఆ వాసన మొదలవుతుంది. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, బోలెడు పంచదార. దానికి వీళ్లు పెట్టుకున్న పేరు గుమ్మడికాయ కాఫీ. అందులో గుమ్మడికాయ ఉంటే ఒట్టు. బిర్యానీ మసాలా కాఫీ అన్నా నిజాయితీగా ఉండేది. గుమ్మడికాయ వాసన నాకు తెలుసు: కోసిన చోట పచ్చిగా, గింజల దగ్గర కాస్త నీచుగా, లోపల పెట్టిన కొవ్వొత్తి సెగకి మూత మాడితే కమురుగా ఉంటుంది. మా ఇంట్లో ఒక ఏడాది దానికి కర్పూరం వాసన కూడా తోడైంది.

అప్పుడు మేం కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఉండేవాళ్లం. అమ్మానాన్నలిద్దరికీ షిఫ్టు ఉద్యోగాలు. అక్టోబరు వచ్చిందంటే మాపుల్ ఆకులు పోగులు పోగులుగా తడిసి, తేమ పట్టిన గోనెసంచిలా కంపు కొడుతుండేవి. బడి నుంచి వస్తూ వాటిని కావాలని కాళ్లతో ఎగదన్నుకుంటూ నడిచి, బూట్ల నిండా బురదతో ఇంటికి చేరి తిట్లు తినేవాళ్లం. క్లాసంతా హాలోవీన్ వేషాల గురించే మాట్లాడుకునేది. మా అమ్మతో దయ్యం వేషం మాటెత్తితే చాలు, "తెల్లదుప్పటి కప్పుకుని తిరగడానికి నీకేం కర్మే, శుభమా అని!" అని విరుచుకుపడేది. చివరికి ఎవరి పెళ్లిలోనో వేసుకున్న జరీ లంగా తొడిగి, దాని మీద గడ్డం దాకా జిప్ లాగిన స్నో జాకెట్ వేసి బడికి పంపేది. దయ్యమూ కాదు, రాకుమారీ కాదు, చలికి వణికే పెళ్లిపేరంటాలు. ఆ ఫొటోలు ఇప్పుడు చూసినా ఒళ్లు మండుతుంది.

అయినా నా బాధ వేషం కాదు. హాలోవీన్ రాత్రి చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరిగే పిల్లలు, గుమ్మంలో వెలుగుతున్న గుమ్మడికాయ ఉంటేనే ఆ ఇంటి తలుపు కొడతారు. అంతకుముందు ఏడాది ఆ సంగతి తెలియక మేం లైటు తీసేసి, లోపల టీవీ చూస్తూ కూర్చున్నాం. వీధి వీధంతా నవ్వుకుంటూ మా ఇంటిని దాటిపోయింది. మర్నాడు ఎదురింటి అమ్మాయి బడిలో అందరి ముందూ, "మీ ఇంట్లో ఎవరూ ఉండరు కదా?" అంది. ఉన్నాం అని అరవాలనిపించింది. ఈసారి మా తలుపు ఎవరో ఒకరు కొట్టాలి, అంతే. అందుకని నాన్నని పట్టి పీడించి గుమ్మడికాయ కొనిపించి, ఆయన చేతే కళ్లు, ముక్కు, కోరలు చెక్కించి, గుమ్మంలో పెట్టి, పొద్దుటి నుంచి దాన్ని కాపలా కాశాను.

ఆ నెలే గుంటూరు నుంచి మా నాయనమ్మ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి ఈ దేశంలో ఏదీ కంటికి ఆనలేదు. పాలు నీళ్లన్నది, వంకాయ చప్పిడన్నది, మనుషులకి పలకరింపు తెలీదన్నది. హాలోవీన్ సాయంత్రం కిటికీలోంచి చూస్తే ప్రతి గుమ్మంలోనూ కోరలున్న గుమ్మడికాయ కనబడింది. మా ఊళ్లో కొత్తిల్లు కడుతున్నప్పుడు ముఖం గీసి వేలాడదీసే దిష్టి గుమ్మడికాయ ఆవిడకి గుర్తొచ్చింది. మొట్టమొదటిసారి ఈ జనాన్ని మెచ్చుకుంది. "చూశావటే, మనోళ్లు మర్చిపోయినా వీళ్లు మర్చిపోలా. ఎటొచ్చీ పగలగొట్టడమే తెలీదు, ఊరికే కుళ్లబెట్టుకుంటున్నారు."

అమ్మానాన్నలు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. నేను మేడ మీద ఆ దిక్కుమాలిన లంగా కట్టుకుని దిగేసరికి, నాయనమ్మ నా గుమ్మడికాయ మూత తీసి, లోపల పసుపు, సున్నం, కుంకుమ కలిపిన నీళ్లు పోసేసింది. కళ్లలోంచి, కోరల్లోంచి ఎర్రగా కారిపోతోంది. "నాయనమ్మా, వద్దు!" అన్నాను. "ఇట్టా రా, వీధికేసి తిరిగి నిలబడు," అని నా చెయ్యి పట్టి నిలబెట్టి, కర్పూరం వెలిగించి, నా చుట్టూ దిగదుడిచి, డ్రైవ్‌వే మీద ధడేలుమని పగలగొట్టింది. ముక్కలు కారు టైర్ల కిందకి దొర్లాయి. నేను అక్కడే కూలబడి బావురుమన్నాను. "దిష్టి పోతే ఏడుస్తావేమే పిచ్చిమొహమా?" అంది. ఆవిడంటే అంత అసహ్యం నాకు మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు.

మంత్రగత్తె టోపీ పెట్టుకున్న ఎదురింటి అమ్మాయి మా వాకిట్లో ఠక్కున ఆగింది. ఎర్రటి మడుగు చూసింది, చీర మీద నాన్న జాకెట్, నెత్తిన మంకీ క్యాప్‌తో నిలబడ్డ నాయనమ్మని చూసింది. "ఓ మై గాడ్, దిస్ ఈజ్ ద బెస్ట్ హౌస్!" అని కేక పెట్టి వీధినంతా పిలిచింది. ఎంతమంది వచ్చారో! నాయనమ్మ గిన్నెలోంచి చాక్లెట్లు పంచుతూ, "ఎవరి బిడ్డలో పాపం, చుక్కన్నా పెట్టకుండా ఒదిలారు," అని గొణుక్కుంటూ ప్రతి దయ్యానికీ, అస్థిపంజరానికీ బుగ్గన కాటుక చుక్క పెట్టింది. అందరూ బుద్ధిగా బుగ్గ చూపించారు.

ఇప్పుడు నేను ఓక్‌విల్‌లో ఉంటున్నాను. మా వీధిలో దయ్యాలంటే గాలికి ఉబ్బే గుడ్డబొమ్మలు, లేచి నిలబడాలంటే వాటికి ఫ్యాన్లు కావాలి. పగలు స్విచ్ ఆపితే గడ్డి మీద పిండిన పంచెల్లా పడుంటాయి. హాలోవీన్‌ని పార్కింగ్ లాట్‌లో, పట్టపగలు, వరసగా నిలబెట్టిన కార్ల డిక్కీల్లోంచి చాక్లెట్లు పంచి కానిచ్చేస్తారు. పిల్లలకంటే తల్లిదండ్రుల వేషాలే ఎక్కువ, చాక్లెట్లకంటే ఫొటోలే ఎక్కువ. చీకటంటే భయపడేవాళ్లకి దయ్యాల పండగ దేనికో! ఇంటింటికీ వెళ్లి తలుపులు కొట్టరా అని నా కూతురిని అడిగితే, "అమ్మా, నోబడీ డజ్ డోర్స్ ఎనీమోర్," అని ఫోన్లోంచి తలెత్తకుండా చెప్పింది.

పోయిన అక్టోబరులో పంతం పట్టాను. నాయనమ్మ లేదు, ఆవిడ చేసిన పద్ధతి ఉంది. కుంకుమ నీళ్లు పోసి, కర్పూరం వెలిగించి, డ్రైవ్‌వే మీద గుమ్మడికాయ పగలగొట్టి, లైటు వేసి, గిన్నె నిండా చాక్లెట్లు, కాటుక డబ్బా పట్టుకుని గుమ్మం వెనక కూర్చున్నాను. వీధి నిశ్శబ్దంగా ఉంది. కాఫీ చల్లారింది. అప్పుడు బెల్ మోగింది.

లంగా కట్టుకున్న పిల్లలా పరిగెత్తాను. పక్కింటాయన. తన ఇల్లు అమ్మకానికి పెట్టాడట, మర్నాడు కొనేవాళ్లు చూడ్డానికి వస్తారట, ఆ ఎర్ర మరక పొద్దున్నకల్లా కడిగించగలనా అని మర్యాదగా అడిగాడు. కడిగిస్తానన్నాను. గిన్నె ముందుకు చాపితే, షుగర్ ఉందని ఒకే ఒక్కటి తీసుకున్నాడు.

ఆ రాత్రి మా తలుపు కొట్టింది ఆయనొక్కడే.