ఈరక్క లక్కపీట

పెనుకొండ కొండెక్కి గొర్రెలు మేపిన పిల్లకు పెండ్లి చేసి ఒక మూల కూర్చోబెడితే ఊరుకుంటుందా? ఈరక్క మొగుడు సంజీవప్ప ఉయ్యాలలకూ పెండ్లిపీటలకూ లక్కరంగులు వేసేవాడు. ఆ ఇంట్లో ఆడవాళ్లు కుంపటి ఊదాలి, హిందూపురం సంత నుంచి తెచ్చిన లక్కను దంచాలి, అంతే. కొయ్యమీద రంగు పెట్టేది మగవాళ్లే. ఎవరు పెట్టారో ఆ కట్టుబాటు! ఏండ్ల తరబడి ఊదీ ఊదీ ఆమెకు కళ్లూ మండాయి, కడుపూ మండింది.

పంతొమ్మిదివందల యాభైల్లో వానలు వరుసగా ఎగ్గొట్టిన కాలంలో సంజీవప్ప కుడిచెయ్యి కాలింది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఆదెప్ప కూతురి పెండ్లిపీట మొదలుపెట్టకుండానే ఆగిపోయింది. "నేను చేస్తా" అంది ఈరక్క. గతిలేక సరేనన్నాడు. నడుమ ఎనిమిది రేకుల పద్మం, అంచుకు చిలకలు వెయ్యమని మరీమరీ చెప్పాడు.

ఆమె వేస్తేగా! ఎర్రలక్క, పచ్చలక్క, పసుపు, నలుపు పీటమీద కరిగించి, నిప్పులసెగకు పట్టి అటూ ఇటూ వంచింది. రంగులు పారి, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగాయి. చిన్నప్పుడు కొండమీద నిలబడి చూసిన నేల అది. ఎర్రచేలు, వంకరగట్లు, నడుమ ఇప్పుడు బోసిపోయిన చెరువు. చూసుకుని పొంగిపోయింది. ఎందుకు పొంగకూడదు?

పీట కోసం ఆదెప్ప వచ్చాడు. చూడగానే మొహం మాడ్చుకున్నాడు. "ఇదేందిది? రంగులు ఒలకబోసినట్లుండాది. పద్మం యాడ?"

"కొండెక్కి చూడప్పా, మన నేల అట్లే ఉంటాది."

"నా బిడ్డను మట్టిమీద కూచోమంటావా?"

"మనమంతా యాడ కూచుంటాండాము, మబ్బులమీదా?"

సంజీవప్పకు పైప్రాణాలు పైనే పోయాయి. "నోరు ముయ్యే! అప్పా, ఇదంతా కరిగించి గీకేస్తా. పద్మమే వేయిస్తా" అంటూ ఎడమచేత్తో నిప్పుల మూకుడు తెచ్చాడు. లక్కకు సెగ తగిలితే ఎంతసేపు, అంతా ముద్దే. ఈరక్క గబుక్కున పోయి పీటమీద కూర్చుంది.

"ముందు నన్ను కాల్చు."

"ఈ బేరం పోతే ధర్మవరంలో మనల్ని ఎవురు పిలుస్తారే?" సంజీవప్ప బతిమాలాడు. ఆమెకూ భయమే వేసింది. అయినా లేవలేదు.

ఆదెప్పకు కూతురి పెండ్లి దగ్గర పడింది. కొంచెం దిగొచ్చాడు. "సరే, ఈ గోలంతా ఎందుకు? నడుమ బోడిగా ఉండాది కదా, ఆడ చిన్న పద్మం పెట్టు. ఇట్లే తీసుకుపోతా."

సంజీవప్ప మొహం వెలిగింది. ఈరక్క పక్కకు జరిగి ఆ బోడిచోటు చూపించింది.

"అది మన కొండకింది చెరువప్పా. చుక్క నీళ్లు లేవు. ఎండిపోయిన చెరువులో పద్మం ఎట్ల పూస్తాదో నువ్వే చెప్పు."

సంజీవప్ప వంగి పీటను చూశాడు, అప్పటిదాకా సరిగ్గా చూడనేలేదు. ఆ చెరువు కిందే అతని నాయన మడి బీడుపడి ఉంది. మూకుడు కింద పెట్టి, నిప్పులమీద చెంబెడు నీళ్లు కుమ్మరించాడు.

"పద్మాల పీట ఇంకోచోట చూసుకోప్పా" అన్నాడు. "మా ఆడమనిషి దీంట్లో పద్మం పెట్టదు."