ఉరకకుండా కోట దాటిన మా అత్త

మొన్న పొద్దున బీదర్ నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది బిడ్డా. జర జల్దీ రా," అన్నాడు. బీదర్ బస్సెక్కి, ఏడుస్తూనే పక్క సీటు అమ్మాయికి మా అత్త గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాను. ఏమిటా గొప్ప అంటారా? వీడియో గేమ్ ఆడేది.

ఆమె మా నాన్న చెల్లెలు. బీదర్ పక్కనే నౌబాద్‌లో వాళ్లింట్లో ఉండే నేను కాలేజీ చదివాను. అత్తకు తొందరన్నది తెలియదు. నల్లా దగ్గర బిందె మెడ దాకా నిండితే గానీ కదిలేది కాదు. వెనకాల వాళ్లు గొణిగితే, "ఎవలు తరుముతుండ్రు మనల?" అనేది.

ఆ రోజుల్లో మామ హైదరాబాద్ నుంచి టీవీకి తగిలించే పాత వీడియో గేమ్ తెచ్చాడు. ఉన్నది ఒకటే క్యాసెట్. ఒక పొట్టి మనిషి గుంతలు దూకుతూ, కదిలే పలకలెక్కుతూ ఆఖరి కోట దాటాలి. రిమోట్‌లో ఒక బటన్ లోపలికి కూరుకుపోయి, పనిచేసేది కాదు. అదెందుకో మేమెవరం పట్టించుకోలేదు. మధ్యాహ్నం పనయ్యాక అత్త ఆడేది. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. అయినా విసుక్కునేది కాదు.

ఒకరోజు మేం ఇంటికొచ్చేసరికి, ఆఖరి కోట దాటానంది. చూపిద్దామంటే కరెంటు పోయిందట. మామ నవ్వి, "కోతలు బాగనే కోస్తున్నవ్," అన్నాడు. వాడకట్టంతా అదో వేళాకోళమైంది. "దాటిన. నమ్ముతె నమ్ముండ్రి," అనేది గానీ అత్త మొహం చిన్నబోయేది.

తర్వాత నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఊరంతా అద్దాల మేడలు లేస్తున్న కాలం. ఒక స్నేహితురాలి కంప్యూటర్‌లో అదే ఆట కనిపించింది. మా రిమోట్‌లో కూరుకుపోయిన ఆ బటన్ ఉరకడానికని అప్పుడు తెలిసింది. అది నొక్కకుండా ఎంత తంటాలు పడ్డా ఆఖరి అగడ్త నాకు దాటరాలేదు. మరి అత్త అబద్ధమాడిందా?

మంచి రిమోట్ కొనుక్కుని, సెలవు పెట్టి బీదర్ వెళ్లాను. ఆదివారం, ఇంటినిండా జనం. అత్త కొత్త బటన్ నొక్కింది. పొట్టి మనిషి ఉరికి ఉరికి మొదటి గుంతలోనే పడ్డాడు. అందరూ ఒకటే నవ్వు.

"గీ ఉరుకుడు నాకొద్దే," అని ఆ బటన్ మీంచి వేలు తీసేసింది.

ఇక నడిపించింది. ఆఖరి కోట వచ్చింది. ఎదురుగా పెద్ద అగడ్త. "ఉరుకు అక్కా, ఉరుకు!" అని పక్కింటామె అరుస్తోంది. అత్త మాత్రం మనిషిని అంచున నిలబెట్టి ఊరకుంది. చాలాసేపటికి కింద నుంచి ఒక పలక మెల్లగా పైకొచ్చింది. అలాంటిదొకటి ఉందని నాకు తెలియనే తెలియదు. అంతసేపు నేనెప్పుడు ఆగాను గనక! అత్త దాని మీద అడుగు పెట్టించి, అవతలికి దాటించింది. నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఆమె రిమోట్ పక్కన పెట్టి, చాయ్ పెట్టడానికి లేచింది. టీవీ ఆపబోతే మామ నన్ను వారించాడు. గబగబా గుమ్మంలోకి పోయి, బండ్ల మీద పోతున్న తోటి పనివాళ్లను చేతులడ్డం పెట్టి ఆపాడు. "రాండ్రన్నా, జర లోపలికొచ్చి సూడుండ్రి! మా ఇంటామె కోట దాటింది!" వాళ్లు ఏం కోటో తెలియకుండానే చెప్పులు విడిచి, ఒక్కొక్కరే వచ్చి టీవీ ముందు నిలబడుతున్నారు.