ముడత లేని కంబళి

సెప్టెంబరు నాలుగు. రోజూ పొద్దున పక్కకు తిప్పగానే మూలిగే మిలిటరీ తాత ఈ రోజు మూలగలేదు. నా చెయ్యి ఆయన భుజం కింద ఉంది. అటువైపు నడుం పట్టుకున్న ఆయన కోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, "మామ నిద్రల ఉన్నడా?" అంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. ఇద్దరం ఆయన్ను అట్లాగే పట్టుకుని నిలబడ్డాం. ఎటు దించాలో తెలియలేదు.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. ఇబ్రహీంపట్నం బస్టాండు వైపు వచ్చే మీలో కొందరు ఆయన్ను చూసే ఉంటారు. పక్కన ఏదో నడుస్తున్నట్టు కొంచెం చోటు వదిలి నడిచే పొడుగాటి మనిషి. సైన్యంలో ఉన్నన్నాళ్లూ కొండల్లో కంచర గాడిదలను నడిపాడు. రోడ్డు లేని చోటికి సరుకంతా వాటి వీపు మీదే వెళ్లేది. చాయ్ హోటల్లో పిల్లలు ఏడిపించేవాళ్లు.

"ఏం తాతా, తుపాకి పట్టలేదా? గాడిదలు కాసినవా?"

"అవ్‌రా. నీకన్న నయం, చెప్పిన మాట ఇనేటియి. అవి ఎక్కకుంటే పైనున్నోనికి రొట్టె లేదు, తూటా లేదు."

నా బడి రోజుల్లో ఆయన అరుగు దాటాలంటే వీపు చూపించాల్సిందే. "ఆగు బిడ్డా. బరువు తర్వాత, ముందుగాల వీపు సూడాలె" అని నా సంచి పట్టీలు పైకి బిగించేవాడు. కొండ మీద సాయంత్రం జీను విప్పగానే, తను నీళ్లు తాగకముందే, గాడిద వీపంతా అరచేత్తో తడిమేవాడట. జీను కింద కంబళి ఒక్కచోట ముడత పడినా పుండవుతుంది. "నా చేతికింద ఒక్కదానికి గూడ పుండు పడలే" అనేవాడు. ఆయన గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే. యుద్ధం గురించి అడిగితే "సలి మస్తుండె" అని ఊరుకునేవాడు.

ఈ ఏడు వానలు మొదలయ్యాక పక్షవాతం వచ్చింది. కొడుక్కి కొంగరకలాన్‌ ఫ్యాక్టరీలో షిఫ్టు పని. కాలేజీకి ముందూ తర్వాతా నేను అక్కకు తోడు వెళ్లేదాన్ని. దవాఖానలో నర్సు చెప్పినట్టే తిప్పాం, తుడిచాం, గాలి పరుపు తెచ్చాం. అయినా నడుం కింద చర్మం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, తర్వాత విచ్చుకుంది.

ఒక సాయంత్రం, సగం పోయిన మాటతో అడిగాడు. "పుండు పడ్డదా?"

"లేదు తాతా. జర ఎర్రగైంది, అంతే."

ఎన్నో వీపులు చూసిన మనిషి. నా మొహం చాలాసేపు చూశాడు.

"పుండు పడితే బరువు దించుతం బిడ్డా. నా మీద దించెటందుకు ఏమున్నది?"

ఆయన కింద దుప్పటి లాగి, ముడతలు సరిచేశాను.

ఇప్పుడు వాకిట్లో పడుకుని ఉన్నాడు. దూరం నుంచి ఆయన బిడ్డ రావాలని రేపటిదాకా ఉంచారు. నేను లోపలి ట్రంకు పెట్టెలోంచి ఆయన పాత మిలిటరీ కంబళి తీస్తుంటే కొడుకు చూశాడు.

"గదెందుకమ్మా? గిప్పుడు ఆయనకేం తెలుస్తది?"

"ఏం తెలవదన్నా" అన్నాను.

రేపు పొద్దున, ఆయన్ను పాడె మీదికి చేర్చే ముందు, ఈ కంబళిని నాలుగు మడతలు వేసి వెదురు బద్దల మీద పరచాలి. ఎక్కడా ముడత లేకుండా అరచేత్తో తడిమి చూడాలి.