డొల్ల టైల్

మా టైల్స్ పనికి వీడియోలు చేయిద్దామన్నది నేనే. వాటిలో ఎవరి ముఖం ఉండాలన్న ప్రశ్న వస్తుందని మాత్రం అనుకోలేదు. నా వ్యాపారం కాబట్టి నా ముఖమే ఉంటుందనుకున్నాను. పద్దెనిమిదేళ్ల కిందట కదిరి నుంచి తాపీ సంచితో బెంగళూరులో దిగి, మడివాళలో ఒకే గదిలో నలుగురితో సర్దుకుని పైకొచ్చినవాణ్ణి. నా భార్య తమ్ముడు ఆరేళ్ల కిందట వచ్చి నా దగ్గర చేరాడు. వాడికి పని నేర్పింది నేను.

వీడియోలు తీసే అమ్మాయి మూడు పద్ధతులు చెప్పింది. యజమాని కుర్చీలో కూర్చుని కెమెరాతో మాట్లాడటం, చేసిన పనుల ఫొటోలు వేసి వెనక గొంతు వినిపించడం, లేదంటే పని జరిగే చోటే చేస్తూ చెప్పడం.

"ఏదో ఒకటే పెట్టుకోండి సార్. ప్రతి వీడియోలో అదే మనిషి కనిపిస్తేనే జనాలకి గుర్తుంటారు" అంది.

నేను కుర్చీ అన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం మీద రాసుకున్నది బట్టీపట్టి, ఆఫీసులో కూర్చున్నాను. ఏడుసార్లు తీసింది. చూసుకుంటే పాస్‌పోర్ట్ ఫొటోకి కూర్చున్నవాడిలా బిగుసుకుపోయి ఉన్నాను. ఫొటోల వీడియో చూపిస్తే నా భార్య ఆవులించింది.

మూడోదానికి బెళ్ళందూరులో మా పని నడుస్తున్న అపార్ట్‌మెంటుకు వెళ్లాం. బామ్మర్ది బాత్రూమ్ గోడకు టైల్స్ వేస్తున్నాడు. కెమెరా పెట్టినా వాడు తలెత్తలేదు. ముందురోజు వేసిన టైల్ మీద రూపాయి బిళ్ళతో తట్టి చూపించాడు.

"ఈ సౌండు ఇనండప్పా. గట్టిగా ఉండాది కదా. లోపల సిమెంటు నిండుగా పట్టుండాదని అర్థం. డొల్లగా మోగిందా, ఒప్పుకోవద్దండి. మేము ఏసిందైనా సరే."

అమ్మాయి కెమెరా వెనక నవ్వుకుంటోంది. నా వీడియో తీసేటప్పుడు ఒక్కసారి కూడా నవ్వలేదు. నాకు కడుపు మండిపోయింది. ఆ మాటలు నావి. బిళ్ళతో తట్టడం వాడికి చూపించింది నేను. నేను చెబితే పాఠం అప్పజెప్పినట్టుంది, వాడు చెబితే ముచ్చటగా ఉంది.

అమ్మాయి బ్యాటరీ అయిపోయిందని కెమెరా సర్దుకుని వెళ్లిపోయింది. మిగతాది మర్నాడు తీస్తానంది. ఆమె అటు వెళ్లగానే నేను చొక్కా చేతులు మడిచాను. "నేనూ నాలుగు ఏస్తా జరుగు. రేపు వీడియోలో చూపించుకోవద్దా" అన్నాను. నేను తాపీ పక్కన పెట్టి నాలుగేళ్లయింది. వాడు పక్కకు జరిగాడు. నేను నాలుగు టైల్స్ వేసి, చేతులు కడుక్కుని, గొప్పగా ఇంటికి వెళ్లాను.

మర్నాడు కెమెరా తిరుగుతుండగా వాడు వరుసగా తట్టుకుంటూ వచ్చాడు. నా వాటిలో మూడోది డొల్లగా మోగింది. వాడు మళ్లీ తట్టాడు. తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు ఒక్క చూపు చూశాడు.

"ఇది నేనే ఏసినా. సరిగ్గా కూర్చోలే. తీసేస్తాండా" అని ఉలి పెట్టి పీకేశాడు. వెనక చూస్తే సిమెంటు నడిమధ్య మాత్రం ముద్దగా ఉంది, నాలుగు మూలలూ ఖాళీ.

"ఆ ముక్క వీడియోలోంచి తీసెయ్యమ్మా, పరువు పోతుంది" అన్నాను అమ్మాయితో.

"మీ వీడియో అంటే ఇదే సార్" అంది. చూసిన ప్రతివాళ్లూ అదే మాట అన్నారు. పద్ధతీ, ముఖమూ అలా ఖాయమైపోయాయి.

అప్పటి నుంచి నాకు ఫోన్ చేసేవాళ్లు నన్ను రమ్మని అడగరు. "తను వేసిన టైల్ తనే పీకేసిన మేస్త్రీ వస్తాడా?" అంటారు. వస్తాడని పళ్లు కొరుక్కుంటూ చెబుతాను. వాడు అబద్ధం చెప్పాడని అందరికీ చెప్పేద్దామని ఎన్నోసార్లు అనిపించింది. అది చెప్పాలంటే ఆ టైల్ ఎవరిదో చెప్పాలి. వాడి మంచి పేరు నా చెత్తపని మీద నిలబడింది, నేను వేలెత్తి చూపడానికి లేదు. పైగా వాడు ఆ సంగతి ఇంట్లో కూడా ఎత్తలేదు. ఒక్కసారి దెప్పినా బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి.

పోయిన నెల హొసకోటెలో ఒక ఇల్లు చూడటానికి ఇద్దరం వెళ్లాం. ఇంటి పెద్దావిడ వీడియో చూసిందట. కాఫీ తెచ్చి ముందు వాడికే ఇచ్చింది.

"తప్పు నాదేనని చెప్పుకునే మనిషిని ఇన్నాళ్లకి చూసినా అప్పా" అంది.

వాడు ఇబ్బంది పడ్డాడు. "నాదేముందమ్మా. అంతా మా బావ నేర్పించిందే" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "తప్పు ఒప్పుకునేది కూడా మీరే నేర్పించినారా?"

వాడు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"అవునమ్మా, నేనే" అన్నాను.