పసుపు దారం కట్టిన పువ్వు

మోస్రా దగ్గర మా బాపు మామిడితోటలో కొమ్మలను పట్టుకుని పెరిగే మొక్కలుండేవి. చెట్టు రసం తాగే బదనికలనుకుని ఆయనే ఏళ్లతరబడి గీకి పారేశాడు. అవి చెట్టుకు ఏ హానీ చేయని ఆర్కిడ్లని తెలిసేసరికి రెండే మిగిలాయి. వాటిని నేను చూసుకుంటానని తెచ్చి, బోధన్‌లో మా అత్తగారింటి వాకిట్లోని వేపకు కట్టాడు.

"ఒక్క కాయన్న కావాలె బిడ్డా. గింజలు మళ్ల మన చెట్లకే సల్లుత."

నేను బడికి పోలేదు. అక్షరాలైనా, పువ్వు లోపలి సంగతులైనా బాపు దగ్గర ఇంట్లో నేర్చుకున్నవే. మందారంలో మగ భాగం, ఆడ భాగం వేరుగా కనబడతాయి. ఆర్కిడ్లు పూశాక చూస్తే, ఈ పువ్వులో రెండూ కలిసిపోయి నడుమ ఒకే పొట్టి స్తంభం. దాని కొసన చిన్న టోపీ కింద పసుపు పుప్పొడి ముద్దలు, ఆ కిందే పుప్పొడిని అందుకునే జిగురు గుంట. వారం చూసినా ఒక్క ఈగ వాలలేదు. దేవుడికి దండం పెట్టుకుని, చీపురు పుల్లతో ఒక మొక్క పుప్పొడిని రెండో మొక్క పువ్వులు రెండింటికి అంటించాను.

మూడోనాటికి సరిగ్గా ఆ రెండే వాడిపోయాయి. మిగతావన్నీ తాజాగా ఉన్నాయి. పొద్దున పూజకు పూలు తెంపుతూ మా అత్తమ్మ వాటిలో ఒకటి తుంచేసింది.

"అయ్యో అత్తమ్మా, అదెందుకు తెంపిన్రు!"

"వాడిన పువ్వుకు గింత లొల్లా? దిష్టి తీస్తవా ఏంది దానికి?"

తుంచిన పువ్వు వెనక, కాయగా మారాల్సిన కాడను బ్లేడుతో చీల్చాను. చిక్కుడు పువ్వులోనైతే గింజల ఆనవాళ్లు ముందే వరుసగా ఉంటాయి. ఇందులో తెల్లటి గీతలు తప్ప ఏమీ లేవు. బాపుకు ఫోన్ చేశాను.

"లోపలేం లేదు బాపూ. నేనే ఖరాబు చేసిన."

"కాలే బిడ్డా. చిక్కుడు లెక్క గాదు ఇది. పుప్పొడి అందితె పువ్వు వాడుతది, అటెనకనే లోపల గింజలకు జాగ కట్టుడు షురూ చేస్తది. శానా రోజులు పడ్తది. ఇంకోటున్నదా?"

"ఉన్నది."

"దాన్ని ఎవ్వల్నీ ముట్టనియ్యకు."

అత్తమ్మకు ఇదంతా ఎలా చెప్పను? మిగిలిన పువ్వు కాడకు వదులుగా పసుపు దారం కట్టాను. మొక్కుకుని కట్టిన దారాన్ని ఆమె ముట్టదు. అది అబద్ధపు మొక్కు కూడా కాదు. రోజూ దీపం పెట్టగానే వాకిట్లోకే పరుగెత్తేదాన్ని. కాడ రాలిందేమోనని ముందు నేలనే చూసేదాన్ని.

రెండు వారాలు దాటాక ఒక పొద్దున అత్తమ్మే పిలిచింది.

"ఓ పిల్లా, నీ మొక్కు దారం బిగుసుకపోయింది సూడు. కాడ తెగుతది, జర వదులు చేయి."

ముడి విప్పాను. దారం కింద కాడ పచ్చగా ఉబ్బి ఉంది. దేవుడా, నీ దయ అనుకుంటూ, ఈసారి ఇంకా వదులుగా కట్టాను.